అరవై ఒక్క అలుకులు

"పర్మిట్ మీద బతుకుతున్నవాళ్ళం, మనకెందుకు వసూ!"

1996 చలికాలంలో మా ఆయన గిరిధరరావు ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. నేను ఒక్కసారీ వినలేదన్నది మాత్రం ఖాయం.

అప్పటికి మేం దేశం విడిచి, జులూల గడ్డ మీది ఎస్ట్‌కోర్ట్ అనే ఊరికి పని పర్మిట్ల మీద వచ్చి ఏడాదిన్నర. ఆయన చెక్క పలకలు చేసే మిల్లులో ఇంజనీరు, నేను హైస్కూల్లో కెమిస్ట్రీ టీచర్ని. ఊళ్ళో చీర కట్టేవాళ్ళున్నారు, సాంబారు కాచేవాళ్ళున్నారు, కానీ తెలుగులో "బాగున్నారా" అనే మూడో మనిషి లేడు. అలాంటిది ఒక శనివారం టాక్సీ స్టాండులో "నీ జిమ్మడ! మెల్లిగా పెట్టరా మూట, అందులో గుడ్లున్నాయి!" అని ఒక ముసలి గొంతు వినపడింది. గిరుక్కున తిరిగాను. మోకాళ్ళ దాకా గంబూట్లు, పూల గౌను, నెత్తిన ఉన్ని టోపీ. డ్రైవరు జులూ కుర్రాడు, ముక్క అర్థంకాక పళ్ళికిలిస్తున్నాడు.

"అమ్మా, మీరు తెలుగువాళ్ళా?" అన్నాను.

"కాకపోతే? తిట్టు ఇంగ్లీషులో తిడితే ఎవురికి తగుల్తది?" అంది.

ఆవిడ డోరీన్. నూరేళ్ళ క్రితం ఓడల్లో కూలికి వచ్చినవాళ్ళ మనవరాలు. అరవై అయిదేళ్ళు. బాప్టిస్టు. ఊరికి పన్నెండు మైళ్ళ అవతల వాట్‌కిన్ అనే దొర పొలంలో, తమ్ముడు పెర్సీతో కలిసి ఒక రేకుల ఇంట్లో ఉండేది. రెండు ఆవులు, ఇంత మొక్కజొన్న చేను. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను పిల్లా అనేది. అంతకంటే చుట్టరికం ఏం కావాలి? ప్రతి శనివారం కారు అటే తిరిగేది. మా ఆయన కారులోనే కూర్చుని పేపరు చదువుకునేవారు.

ఆ ఏడాది కొత్త చట్టం వచ్చింది. దొరల పొలాల్లో చాకిరీ చేసి, దానికి బదులుగా అక్కడే ఇల్లు వేసుకుని ఇంత గింజ పండించుకునే వాళ్ళను ఇష్టం వచ్చినట్టు గెంటెయ్యడానికి వీల్లేదు. ఒక్కటే మెలిక. వాళ్ళ తల్లిదండ్రులో తాతలో కూడా అదే పొలంలో బతికారని రుజువు చూపించాలి. వాట్‌కిన్ అప్పటికే పెద్దమ్మకు నోటీసు ఇచ్చాడు, ఆగస్టు ఆఖరుకల్లా ఇల్లు ఖాళీ చెయ్యమని. పెద్దమ్మ లాండ్ ఆఫీసులో అర్జీ పెట్టింది. వాళ్ళు జూలైలో, అంటే ఇక్కడి నడి చలికాలంలో, ఒక సోమవారం విచారణకు వస్తామన్నారు.

వాట్‌కిన్ వాదన చాలా మర్యాదగా ఉండేది. "డోరీన్ మంచి మనిషి. కానీ వీళ్ళు 1972లో ఇనప బట్టీల కాంట్రాక్టరు వెంట బొగ్గు కాల్చడానికి వచ్చారు. అంతకుముందు ఇక్కడ లేరు. మా నాన్న రికార్డులు పోయాయి. ఏం చేస్తాం?" పెద్దమ్మ దగ్గరున్న కాగితం ఒక్కటే, పుట్టిన సర్టిఫికెట్. తండ్రి పేరు సూబయ్య అని ఉంది. ఆ సూబయ్య ఎక్కడ బతికాడో అందులో లేదు.

"కాయితం లేదు. తిన్నె ఉంది" అంది పెద్దమ్మ, నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళి.

ఎండిపోయిన గడ్డి మధ్య గుండ్రంగా, నడుమెత్తున లేచిన మట్టి అరుగు. ఈ చివరి నుంచి ఆ చివరికి పది అడుగులుంటుంది. ఇనప బట్టీలు రాకముందు ఇక్కడ బొగ్గు మట్టి బట్టీల్లోనే కాల్చేవాళ్ళు. ఆవిడ తాత అంకయ్య, తండ్రి సూబయ్య, తరవాత ఈవిడా ఈ తిన్నె మీదే బట్టీ పేర్చారు. బట్టీకి కొత్త నేల పనికిరాదట. చెమ్మ ఊరుతుంది, అడుగు నుంచి గాలి దూరుతుంది, కట్టె బొగ్గవ్వాల్సింది బూడిదవుతుంది. కాలి కాలి గట్టిపడిన పాత తిన్నే కావాలి.

"ఏడాదికి ఒకపాలి, చలికాలం మొదటి బట్టీకి ముందు, ఎర్రమట్టీ పేడా కలిపి అలకాల. అలక్కుండా నిప్పు ఎయ్యకూడదు. తాత అట్టనే చెప్పినాడు."

మా ఊరు చీపురుపల్లిలో అమ్మ పొయ్యి అలక్కుండా పొద్దున్నే అగ్గిపుల్ల గీసేది కాదు. ఈవిడ ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తుంది, చీపురుపల్లి ఎక్కడుందో తెలియదు, ఆ పని మాత్రం చేతిలో ఉండిపోయింది.

"అంటే దీన్ని అంచున కోసి చూస్తే నలుపు, ఎరుపు, నలుపు, ఎరుపు... ఏడాదికో పొర!"

"ఇప్పుడు బుర్ర పనిచేసింది నీది" అంది పెద్దమ్మ. "ఆఫీసమ్మ వచ్చినంక ఆమె కళ్ళముందే కోస్తాను. ముందే కోస్తే నేనే చేసినాను అంటారు."

అక్కడికి అంతా బాగానే ఉంది. విచారణకు పదకొండు రోజుల ముందు, గురువారం పొద్దున, పెర్సీ పరిగెత్తుకొచ్చాడు. పెర్సీ మంచివాడే, కాకపోతే పిరికితనానికి చొక్కా తొడిగినట్టుంటాడు. దొర శనివారం ఇంటి వెనక చేను దున్నిస్తున్నాడట. యూకలిప్టస్ నాటడానికట. తిన్నెతో సహా.

"అక్కా, ఐకోనా, కుదరదు, ఇంక వద్దు" అన్నాడు. "షాల్‌క్రాస్ టవునుకు పోదాం. నా కూతురు రాక్సాన్ రమ్మంటాది. ఫ్లష్ ఉంది, గీజర్ ఉంది."

"ఆ గీజర్ నీ నెత్తిన పెట్టుకో! నేను యాడికీ పోను." పెద్దమ్మ చీపురు తీసుకుని తిన్నె మీది గడ్డి ఊడ్చడం మొదలుపెట్టింది. కాసేపాగి నడుం ఎత్తి అంది. "కాల్తా ఉన్న బట్టీ మీదికి ట్రాక్టర్ వస్తాదా?"

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక చీర కొంగు నడుముకు దోపేశాను. స్కూలుకు సెలవులు, మా ఆయన ఫ్యాక్టరీలో ఉన్నారు, ఇంకెవరు ఆపుతారు?

ముందు అలుకు. పెద్దమ్మ ఎర్రమట్టి తెచ్చింది, నేను పేడ కలిపాను. "ఆవిడ టీచరు" అని పెర్సీ నసిగాడు. "టీచరుకు చేతులు ఉండవా?" అని పెద్దమ్మ కసిరింది. వంగుని అరచెయ్యి సగం చందమామలా తిప్పుతూ వెనక్కి జరుగుతూ అలికాను. పదిహేనేళ్ళయింది ఆ పని చేసి. పెద్దమ్మ నా చేతినే చూస్తూ నిలబడింది. "నా అమ్మ అట్టనే తిప్పేది" అంది. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఆ మూల వదిలేసినావు" అంది.

కొండల మీది మంచు గాలికి శుక్రవారం పొద్దెక్కేసరికి అలుకు ఎండిపోయింది. తుమ్మ కట్టెలు ముందే ఉన్నాయి. ఇక్కడి వాటిల్ చెట్టును పెద్దమ్మ వాళ్ళు నూరేళ్ళుగా తుమ్మ అనే పిలుస్తున్నారు, చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. మధ్యలో నిలువుగా ఒక గుంజ పాతి, దాని చుట్టూ మూరెడేసి కట్టెలు లోపలికి వాలేలా నిలబెట్టాం. ఒక వరస మీద ఇంకో వరస. సందుల్లో సన్నపుల్లలు కుక్కాలి, అరచెయ్యి దూరే సందు కూడా ఉండకూడదు. పక్క గుడిసె మాద్లామినీ, ఆవిడ కూతుళ్ళిద్దరూ పిలవకుండానే వచ్చారు. పెద్దమ్మ తర్వాత ఖాళీ చెయ్యాల్సింది వాళ్ళే. పైన పచ్చిగడ్డి జానెడు మందం, దాని మీద పాత బట్టీల మసిమట్టి. అడుగున చుట్టూ పిడికెడేసి కన్నాలు వదిలాం. పని అయ్యాక అది పెద్ద అన్నపు ముద్దలా కూర్చుంది. చుట్టూ పదేసి అడుగుల గడ్డి చెక్కేశాం, నిప్పురవ్వ ఎగిరినా అంటుకోకుండా.

ఆ సాయంత్రం నా గోళ్ళు చూసి మా ఆయన టీ కప్పు కింద పెట్టేశారు.

"వాట్‌కిన్ మా మిల్లుకు కలప పంపుతాడు, తెలుసా?"

"తెలుసు."

"సెప్టెంబరులో నా కాంట్రాక్టు రెన్యువల్, తెలుసా?"

"అదీ తెలుసు."

"పర్మిట్ మీద బతుకుతున్నవాళ్ళం..."

"ఆవిడ ఏ పర్మిట్ మీద బతుకుతోందండీ? నూరేళ్ళ క్రితం ఓడలో దింపారు, ఇప్పుడు నువ్వెవరు అంటున్నారు. రేపు మనల్నీ అంటారు. అప్పుడూ టీ తాగుతూ కూర్చుందామా?"

ఆయన కారు తాళాలు బల్ల మీదే వదిలేసి వెళ్ళి పడుకున్నారు. నాకది చాలు.

శనివారం తెల్లారి ఏడింటికి ట్రాక్టరు వచ్చింది. వెనక బక్కీ అనే చిన్న ట్రక్కులో వాట్‌కిన్. యాభై దాటిన మనిషి, ఎండకు కందిన మొహం, ఎప్పుడూ టోపీ తీసి మాట్లాడతాడు. అప్పటికి పెద్దమ్మ గుంజ లాగేసింది. బట్టీ నెత్తి మీద గుండ్రటి బొక్క. పొయ్యిలోంచి తీసిన నిప్పులు పారలో ఉన్నాయి, పార నా చేతిలో ఉంది. పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి, నిచ్చెన ఎక్కింది నేను.

"గుడ్ మార్నింగ్" అన్నాడు వాట్‌కిన్, టోపీ తీసి. "ఇక్కడ మంట పెట్టడానికి నేను అనుమతి ఇవ్వలేదు."

"అడగలేదు" అంది పెద్దమ్మ.

అతను తలెత్తి నన్ను చూశాడు. "మీరు మిసెస్ రావు కదూ? మీవారు మిల్లులో పనిచేస్తారు."

మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనానికే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అవును. గిరిధరరావు. స్పెల్లింగు కావాలంటే రాసిస్తాను" అన్నాను. పార వంచి నిప్పులు బొక్కలో పోసేశాను.

లోపల చిటపటమంది. కాసేపటికి చుట్టూ కన్నాల్లోంచి తెల్లటి పొగ, ముద్దముద్దగా. ట్రాక్టరు డ్రైవరు ఆ పొగను చూశాడు, తన కిందున్న డీజిలు ట్యాంకును చూసుకున్నాడు, ఇంజను ఆపేసి చేతులు కట్టుకున్నాడు. దొర జులూలో రెండుసార్లు చెప్పాడు. అతను రెండుసార్లూ తల అడ్డంగా ఊపాడు. ట్రాక్టరు వెనక్కి వెళ్ళిపోయింది. మాద్లామిని కూతుళ్ళు కేకలు పెట్టి నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. "నెత్తి మూయాల, గడ్డపెళ్ళ అందుకో పిల్లా, సూస్తా నిలబడతావా?" అంది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఆయన, "స్పెల్లింగు సరిగ్గా చెప్పావా? ఇక్కడ 'గిరి' తర్వాత అందరూ తప్పుతారు" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మర్నాడు ఆయనే కారు తీశారు. ఈసారి పేపరు తెచ్చుకోలేదు, పార తెచ్చుకున్నారు.

బట్టీ వెలిగించడం కాదు, కాయడమే పని. మూడు రోజులు తెల్లపొగ, అది కట్టెలోని నీరు. ఆ తర్వాత పసుపుపచ్చటి పొగ, కళ్ళు మండిపోతాయి. బట్టీ కుంగుతూ ఉంటుంది. ఎక్కడ మట్టి పగిలితే అక్కడ తడిమట్టి కొట్టాలి. క్షణం ఏమరితే మంట పైకి లేస్తుంది, అంతే, అంతా బూడిద. పెద్దమ్మ గంటకోసారి బట్టీకి చెయ్యి ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు చూసేది. పెర్సీ వంతులేసుకుని కాపలా కాసేవాడు, భయపడుతూనే కాసేవాడు. పోలీసులు ఒకసారి వచ్చారు, చుట్టూ చెక్కిన నేల చూసి, పెద్దమ్మ ఇచ్చిన టీ తాగి పోయారు. ఆరో రోజు పొగ సన్నగా, నీలంగా మారింది. "బొగ్గయింది" అని పెద్దమ్మ కన్నాలన్నీ మూసేసింది. ఇక చల్లారడమే.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత చెప్తే బాధపడుతున్నాననుకుంటారు. సెప్టెంబరులో మా ఆయన కాంట్రాక్టు రెన్యూ కాలేదు. కారణం చెప్పలేదు, మేం అడగలేదు. వెరులం అనే ఊరికి వెళ్ళిపోయాం. ఆయన ఒక చిన్న వర్క్‌షాపులో చేరారు, నేను అక్కడి స్కూల్లో. "మనకెందుకు" అన్న మాట మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు.

విచారణ సోమవారం లాండ్ ఆఫీసు నుంచి మిస్ జోండీ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో కాగితాలు బిగించిన అట్ట. వాట్‌కిన్ తన వకీలును తెచ్చుకున్నాడు. మేం బట్టీ విప్పి బొగ్గు పక్కకు లాగేశాం. నల్లగా, గంట కొట్టినట్టు మోగే బొగ్గు. తిన్నె బయటపడింది.

పెద్దమ్మ గడ్డపారతో తిన్నె అంచున ఒక మూరెడు వెడల్పున నిలువుగా కోసింది. పెర్సీ నీళ్ళు చల్లి తుడిచాడు. నలుపు, ఎరుపు, నలుపు, ఎరుపు. పైనుంచి కింది దాకా, పుస్తకం పేజీల్లా.

మిస్ జోండీ అట్ట నాకిచ్చేసి మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కో ఎర్ర గీత మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. "అరవై రెండు" అంది.

"పైది లెక్కెట్టకు" అంది పెద్దమ్మ. "అది మొన్న ఈ పిల్ల అలికింది."

"అరవై ఒకటి" అని రాసుకుంది మిస్ జోండీ. "1972 నుంచి లెక్కేస్తే ఇరవై నాలుగు మించకూడదు. మిస్టర్ వాట్‌కిన్, అసలు ఇనప బట్టీలకు ఇంత మట్టి అలుకు ఎందుకు?"

వకీలు అందుకున్నాడు. "అలకడం మీ జులూ ఇళ్ళల్లోనూ ఉంది కదా? ఎవరైనా అలికి ఉండొచ్చు."

"ఉంది. మా అమ్మమ్మ రోజూ అలికేది" అంది ఆమె. "కూర్చోవడానికి అలుకుతాం సార్. కాల్చడానికి నేల అలికేవాళ్ళను నేనిప్పుడే చూస్తున్నాను."

నేను మా అమ్మ పొయ్యి గురించి చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది. అయినా చెప్పాను. ఆమె అదీ రాసుకుంది.

వకీలు తెలివైనవాడు. వంగి ఆ కోత చూసి, "ఇది అంచు. వానకు కొట్టుకొచ్చిన మట్టి పొరలు కట్టి ఉండొచ్చు. నడిమధ్య కోసి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటాను" అన్నాడు.

అంచు కోస్తే మళ్ళీ పూడ్చుకోవచ్చు. నడిమధ్య కోస్తే తిన్నె చచ్చిపోయినట్టే. చీలికలోంచి కింది గాలి ఎక్కుతుంది, ఇక ఎన్నేళ్ళు అలికినా అది అతకదు. ఈ సంగతి పెద్దమ్మ నాకు మొదటి రోజే చెప్పింది. వకీలుకు తెలియదు. మిస్ జోండీకి తెలియదు.

"పెద్దమ్మా, వద్దు" అన్నాను. "ఉన్నది చాలు, పై ఆఫీసుకు వెళ్దాం."

"తప్పుకో పిల్లా." ఆవిడ గడ్డపార తీసుకుని తిన్నె ఎక్కింది. మధ్యకు నడిచింది. కళ్ళల్లో తడి లేదు, పళ్ళు బిగించి ఉంది. "ఇల్లు పోతే తిన్నె నాకేటికి? కోస్తాను. సూసుకోండి అందరూ" అని రెండు చేతులతో గడ్డపార పైకెత్తింది.

"డోరీన్! మధ్యలో వద్దు!"

అరిచింది వాట్‌కిన్. టోపీ కింద పడిపోయింది. రెండడుగులు ముందుకు వచ్చేశాడు. "మధ్యలో కోస్తే పోతుంది! సూబయ్య నన్ను చెప్పులతో కూడా ఎక్కనిచ్చేవాడు కాదు దాని మీద..."

అక్కడ ఆగిపోయాడు.

పెద్దమ్మ గడ్డపార అలాగే గాలిలో ఉంది. మిస్ జోండీ నా చేతిలోంచి అట్ట తీసుకుంది, కలం తెరిచింది.

"సూబయ్య ఎవరు, మిస్టర్ వాట్‌కిన్?"

వకీలు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను విడిపించుకోలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణంలో అతని మొహం చూస్తే చెప్పులు విప్పి నిలబడ్డ ఏడేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు. జాలి వేసింది, నిజం చెప్పొద్దూ. జాలి పడ్డాను గానీ తల మాత్రం తిప్పుకోలేదు.

"చెప్పు దొరా" అంది పెద్దమ్మ ఇంగ్లీషులో. "మా నాయన పేరు చెప్పినావు. ఎప్పుడు చూసినావో అదీ చెప్పు."

"నా చిన్నప్పుడు" అన్నాడు చివరికి. "యాభై ఒకటి, యాభై రెండు. స్కూలు నుంచి వచ్చి ఇక్కడే చలి కాచుకునేవాణ్ణి."

మిస్ జోండీ అక్షరం అక్షరం రాసుకుని, అట్ట అతని ముందుకు చాపింది. అతను సంతకం పెట్టాడు. "తండ్రి ఇదే పొలంలో బతికాడు. చట్టానికి ఇది చాలు" అంది ఆమె. వకీలు ఫైలు మూసి బక్కీ వైపు నడిచాడు. పెర్సీ అక్కడే గడ్డిలో చతికిలబడి, చొక్కా చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు.

పెద్దమ్మ గడ్డపార దించి తిన్నె దిగింది. అంచున తను కోసిన మూరెడు గాటు దగ్గర వంగి, వేలితో తడిమి చూసుకుంది. తర్వాత తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"లెగరా! ఏడుపు రేపు ఏడువు. ఎర్రమట్టి తేపో, పొద్దుగూకేలోగా ఇది పూడ్చి అలకాల."